చాలిబొ కి?

గుణుపురంలో రైలుగేటు పక్క రేకుల షెడ్డు మాది.
విశాఖ తుక్కు వేలంలో కేజీల లెక్కన కొన్న ఇంజను
గోనెపట్టా కప్పుకుని ట్రాలీ ఆటోలో దిగింది.
తెచ్చినవాడు బైరాగి గొమాంగో.
పుట్టాసింగ్ ఘాటీ నుంచి పసుపూ కొండచీపుర్లూ
సంతకి దించే తన పాత జీపులో
దీన్నే బిగించాలంట.

"పిస్టనేదే అసిరీ?" అన్నాడు తవిటయ్య మావ,
నలభైయేళ్లు డీజిలు పంపుల కడుపులు కోసినవాడు.
లేదు.
పిస్టను లేదు, వాల్వు లేదు, రాడ్డు లేదు.
వేరుశనగ కాయలాంటి గదిలో
మూడు మూలల ఇనపముద్ద,
ఏ మూలా గోడని వదలకుండా తిరుగుతుంది.
మావ తడిమి తడిమి చూసి
"సింగడా" అన్నాడు.
ఎదురు టీకొట్టువాడు నిజంగానే రెండు పంపించాడు.

మొనల్లోని సీళ్లు మధ్యలో అరిగి సన్నబడ్డాయి.
వాటి కింది స్ప్రింగులు పైకి తోయడం మానేసి
చదునుగా పడుకున్నాయి.
అవి మార్చాల్సిందే, అందులో మాటల్లేవు.
మాటలన్నీ బేరింగు దగ్గర.

గాజంత బేరింగు. రెండు-పది సైజు నా గాజుకన్నా
పిసరు వదులు.
కిరసనాయిల్లో కడిగి, నూలుగుడ్డతో ఒత్తి
వాకిట్లో ఎండకి పట్టి తిప్పాను.
చుట్టూరా బూడిదరంగు, ముసురు రోజు వంశధార రంగు.
ఒక పక్కన మాత్రం, బరువు మోసిన పక్కన,
బూడిద కింద నుంచి
రాగి తొంగి చూస్తోంది.
రెండు వేళ్ల మేర. అంతే.

మావకి కళ్లు ఆనవు. గోరు ఆనుతుంది.
చిటికెనవేలి గోరు అడ్డంగా ఈడ్చి
"ఇక్కడ ఆగింది" అన్నాడు.
ఇంకొంచెం జరిపి
"ఇక్కడా."

"చాలిబొ కి?" అన్నాడు బైరాగి.
నడుస్తుందా అని అతని ఒడియా.
నా చెవి తెలుగుది, చాలుతుందా అని వింది.
నడుస్తుంది.
చాలదు.

ఎలా చెప్పను?
షాఫ్టు ఎప్పుడూ బేరింగుని ముట్టుకోకూడదు.
మధ్యలో వెంట్రుకలో సగమైనా లేని నూనె,
దాని మీదే తేలాలి అంత బరువూ.
తాళం తిప్పాక నూనె వచ్చి చేరే లోపు
రెండు క్షణాలుంటాయి చూడు,
ఇనుము ఎక్కువ అరిగేది అప్పుడే.
పరుగులో కాదు, నిద్రలేవడంలో.

"వారానికెన్నిసార్లు ఆపి లేపుతావు?" అన్నాను.
వేళ్లు మడిచాడు:
చెక్‌గేటు, ఏనుగులు దాటే మలుపు,
సల్పం కల్లు దగ్గర, అత్తోరింటి దగ్గర,
ఇరవై దాటాక నవ్వేశాడు.
"మార్చేయ్."

రెండు బస్తాల పసుపు పోయింది.
బరంపురం బస్సు టాపు మీద పార్సిలు
ఇరవైరెండో రోజుకి దిగితే
లోపల వేరే సైజు.
తిట్టుకుంటూ వెనక్కి పంపితే ఇంకో పదిహేను.

చెవిని గాడికి సరిచూసి ప్రెస్సు పిడి తిప్పాను.
"నిదానం. నిదానం," మావ,
పురిటిగది బయట నిలబడ్డవాడిలా.
మూత బిగించబోతూ చూశాను, లోపలి అంచు మీద
ఎవరో మేకుతో గీసిన గుర్తు:
రెండు గీతలు, ఒక చుక్క. ఏ ఊరి లిపో.
నాకన్నా ముందు దీన్ని విప్పి
మళ్లీ మూసిన చెయ్యి.
దాని కింద చిన్నగా "అ" అని గీశాను.
"ఏటా చప్పుడు?"
"ఏం లేదు మావా, పానా జారింది."

పాత బేరింగు ఇప్పుడు గోడమేకుకి ఉంది.
బేరం లేని మధ్యాహ్నాలు మావ దాన్ని ఒళ్లో పెట్టుకుని
గోరుతో రాగిని వెతుక్కుంటాడు.

ఆరో తిప్పుడికి ఇంజను అందుకుంది.
దడదడ లేదు,
తేనెపట్టు కదిలినట్టు ఒకటే రొద.
బైరాగి ఎగిరి సీటెక్కి కాలు నొక్కబోయాడు.
మోకాలు పట్టుకుని ఆపాను.

ఉండు.
నూనె రానీ.